లీజు ఎనభైకి దిగకముందు

14 జనవరి 2018, ఆదివారం

మిస్టర్ అలీన్ ఇవాళ కూడా "చూద్దాంలే" అన్నారు.

మామూలుగానే మధ్యాహ్నం కింద ఆయన వాటాకు భోజనానికి వెళ్ళాను. మాకరోనీ, చీజు కలిపి కాల్చే "పై" చేశారు, పక్కన తన చేత్తో నూరిన మిరపకాయ సాసు. పంతొమ్మిదేళ్ళుగా నా ఆదివారం భోజనం ఆయన బల్ల దగ్గరే. ఆయన భార్య మెర్ల్ ఉన్నన్నాళ్ళూ ముగ్గురం, ఆవిడ పోయాక ఇద్దరం. ప్లేట్లు తుడుస్తూ అడిగాను.

"లీజు సంగతి ఏమన్నా ఆలోచించారా?"

"ఆలోచించడానికేముంది? పొడిగించాలి, అంతే కదా. పొడిగిద్దాం."

"మార్చిలోపు కావాలండీ. లాయరు మరీ మరీ చెప్పింది."

"మన మధ్య లాయర్లెందుకమ్మా? ఓ కాగితం మీద నువ్వో సంతకం, నేనో సంతకం. చూద్దాంలే."

ఈ మాట సెప్టెంబరు నుంచి వింటున్నాను. కానీ ఆయన ఊరికే మాట అనే మనిషి కాదు. చేస్తారు. నాకు ఆ నమ్మకం ఉంది.

23 జనవరి

లాయరు మిస్ ఓకెల్ దగ్గర నుంచి ఉత్తరం. నాకు బుర్రకెక్కలేదనుకుందో ఏమో, చిన్నపిల్లకు చెప్పినట్టు మళ్ళీ మొదటి నుంచి రాసింది. ఇల్లు, దాని కింద నేల మిస్టర్ అలీన్‌వి. పై ఫ్లాటు 1999 మార్చి 25 నుంచి తొంభై తొమ్మిదేళ్ళ పాటు నాది. ఈ మార్చి 24 వరకు ఎనభై ఏళ్ళ పైన మిగిలి ఉన్నట్టు. 25 వచ్చిందంటే ఎనభైకి దిగిపోతుంది. దిగాక పొడిగించుకుంటే, దానివల్ల ఫ్లాటుకు పెరిగే విలువలో సగం ఇంటి యజమానికి పోతుంది. ఇప్పుడైతే నేను దాచుకున్నదానితో సరిపోతుంది. అప్పుడైతే రెండింతలకు పైమాటే, నా వల్ల కాదు. పొడిగించకుండా అమ్మబోతే ధర పడిపోతుంది, ఏటికేడాది ఇంకా పడిపోతుంది.

అమ్మడం ఊసు ఆవిడే ఎత్తింది. నేనేమీ అడగలేదు.

3 ఫిబ్రవరి, శనివారం

డ్రైవింగు పాఠాలేవీ పెట్టుకోకుండా డీల్ అనే సముద్రపుటొడ్డు ఊరికి వెళ్ళాను, గాలి కోసం. నా పాత స్నేహితురాలు నెస్టా స్టేషనుకు వచ్చింది. ఆమె అక్కడికి మారిపోయి నాలుగేళ్ళయింది, పదేళ్ళు చిన్నదానిలా ఉంది. వాళ్ళ వీధి చివర ఒక ఫ్లాటు అమ్మకానికి ఉంటే లోపలికెళ్ళి చూశాం. నేల మట్టానే ఉంది. వెనక చేతి రుమాలంత తోట, వంటింటి కిటికీలోంచి పడవలు. ఇళ్ళ ఏజెంటు కుర్రది నా పేరూ చిరునామా రాసుకుంది. అందరివీ రాసుకుంటారట.

ఊరికే చూశాను.

8 ఫిబ్రవరి

మోకాలి డాక్టరు ఎక్స్‌రే చూపించి, "మీ ఇంటికి మెట్లెన్ని?" అన్నాడు. ముప్పై నాలుగు అన్నాను. పెదవి విరిచి ఏదో రాసుకున్నాడు. కారు నడపడం నేర్పడానికి ఫరవాలేదట, కూర్చునే పనే కదా. మెట్లే పనికిరావట.

మిస్టర్ అలీన్‌కు చెప్పలేదు. ఎనభై నాలుగేళ్ళ మనిషికి నా మోకాలి గొడవెందుకు?

11 ఫిబ్రవరి, ఆదివారం

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

భోజనానికి దిగబోతే మెట్ల గోడకు కొత్త కమ్మీ కనిపించింది. కింది నుంచి మా తలుపు దాకా, రెండోవైపు కూడా పట్టుకోవడానికి వీలుగా. చెక్కకు మెరుగు పెట్టి ఉంది. నేను మూడు రోజులు పాఠాలతో తిరుగుతుంటే, ఆయన ఒక్కరే గోడకు రంధ్రాలు వేసి బిగించారు.

"ఈ వయసులో ఇదంతా ఎందుకు చేశారండీ?"

"నువ్వు కుంటడం వినిపిస్తోంది. నా నెత్తి మీదే కదా నడుస్తావు." నవ్వారు. "ఇక నీకు మెట్ల భయం లేదు. ఇంకో ఇరవై ఏళ్ళు ఎక్కొచ్చు."

లీజు మాట ఎత్తలేకపోయాను. ఆయన కూడా ఎత్తలేదు. నాకు రెండోసారి వడ్డించారు.

డీల్ సంగతి అంతా ఖాయమయ్యాక చెప్పవచ్చు. ఖాయం కానిదాని గురించి ఇప్పుడే చెప్పి బాధపెట్టడం ఎందుకు?

20 ఫిబ్రవరి

మిస్ ఓకెల్ ఆఫీసులో అరగంట. వయసు నాదాంట్లో సగం, చూపు మాత్రం పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు చూపు.

"మీ ఇంటి యజమాని సంతకం పెడతానంటూ ఎన్నాళ్ళయింది?"

"అయిదు నెలలు. కానీ ఆయన అలాంటి యజమాని కాదండీ. మేము స్నేహితులం."

"అందరూ నాకదే చెప్తారు. వినండి, మిస్ ట్రాంటర్. మీరు చట్టప్రకారం నోటీసు ఇస్తే, ఇచ్చిన తేదీ దగ్గరే లెక్క ఆగిపోతుంది. ఆయన ఒప్పుకోవాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. ధర మీద బేరమాడొచ్చు, అంతే. నోటీసు మార్చి ఇరవై నాలుగో తేదీలోపు ఆయనకు అందాలి."

"చెప్పకుండా ఇస్తే మనసు కష్టపెట్టుకుంటారు."

"మరి చెప్పి ఇవ్వండి."

అంత తేలిగ్గా అనేసింది.

28 ఫిబ్రవరి, బుధవారం

రాత్రంతా కురిసిన మంచు పొద్దున కూడా ఆగలేదు. పాఠాలన్నీ రద్దు. మా పేట పెంజ్‌లో బజారంతా తెల్లగా, బస్సులు లేక నిశ్శబ్దంగా ఉంది. బఠానీ సూపు చేసి గిన్నెతో సహా కిందికి తీసుకెళ్ళాను. ఇవాళ తేల్చేయాలని నిశ్చయించుకున్నాను.

"ఇరవై నాలుగు రోజులే ఉందండీ," అన్నాను ఆయనకు వడ్డించగానే. "లాయరు నోటీసు ఇవ్వమంటోంది."

ఆయన చెంచా పక్కన పెట్టారు.

"నోటీసా?"

"పద్ధతి ప్రకారం ఒక కాగితం, అంతే."

కిటికీలోంచి మంచు చూశారు. తర్వాత మొదలుపెట్టారు. పంతొమ్మిదేళ్ళలో నేనెప్పుడూ వినని సంగతి.

"నేను బార్బడోస్ నుంచి బస్సు కండక్టరు పనికి వచ్చిన కొత్తలో బ్రిక్స్‌టన్‌లో ఒకే ఒక్క గదిలో ఉండేవాళ్ళం. మెర్ల్‌కు ఏడో నెల. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చేసరికి గుమ్మం చాప మీద లాయరు ఉత్తరం. వారంలో ఖాళీ చెయ్యాలట. ఆ ఇంటి యజమానురాలు పక్క గదిలోనే ఉండేది. పొద్దున నాకు టీ ఇచ్చింది కూడా. నోరు తెరిచి చెప్పొచ్చు కదా? చెప్పలేదు. కాగితం పడేసింది." గొంతు ఏమీ మారలేదు. "మంచులో పదకొండు ఇళ్ళు తిరిగాం. ఈ ఇల్లు కొన్న రోజున మెర్ల్‌తో అన్నాను, ఈ గడప లోపల ఎవరూ ఎవరికీ అలాంటి కాగితం ఇవ్వరని."

"ఇది అలాంటిది కాదండీ."

"ఏమో మరి. అయితే పొడిగించుకునేది ఎందుకు? ఇక్కడే ఉండటానికేగా?"

అడిగి, నా ముఖంలోకి చూశారు.

"ఇక్కడ ఉండటానికే," అన్నాను.

"అలాగైతే ఎనభై ఉన్నా డెబ్భై ఉన్నా నీకేంటమ్మా? నీకు అరవై నాలుగు. నా ఇంట్లోంచి నిన్ను పొమ్మనేదెవరు?" సూపు మళ్ళీ తాగడం మొదలుపెట్టారు. "మిరియం కొంచెం పడాలి."

5 మార్చి

అబద్ధమేమీ ఆడలేదు. ఇంకా ఏదీ నిర్ణయించుకోలేదు కదా.

10 మార్చి, శనివారం

ఆయన కూతురు యోలాండ్ బర్మింగ్‌హామ్ నుంచి వచ్చింది. నేను చెత్తసంచి పట్టుకుని దిగుతుంటే వాకిట్లో ఎదురైంది. నన్ను కావలించుకుని, సంచి తీసుకుని తనే డబ్బాలో వేసింది.

"మీరు వెళ్ళిపోతున్నారట. నాన్న చెప్పాడు. ఎప్పుడు?"

డబ్బా మూత నేను వేశాను.

"ఎవరు చెప్పారు ఆయనకు?"

"డీల్ ఏజెంటు కవరు వచ్చిందట కదా, మీ పేరు మీద. కవరు మీదే ఫ్లాటు బొమ్మ ఉందట. ఫిబ్రవరి మొదట్లో." నా ముఖం చూసి ఆగింది. "నాన్నతో మీరు మాట్లాడలేదా?"

మా ఇద్దరి ఉత్తరాలూ వీధి తలుపు లోపల ఒకే చాప మీద పడతాయి. రోజూ ఆయనే ఏరి, నావి మెట్ల మీద పెడతారు. ఆ కవరు నాకు గుర్తుంది. మిగతా వాటికి అడుగున, తిరగేసి పెట్టి ఉంది.

"మరి ఎనభై ఏళ్ళ సంగతి ఆయనకు అర్థమైందా?" అని అడిగాను.

"అర్థమవడమేంటి, పిన్నీ? యాభై ఏళ్ళుగా ఇంటి యజమాని. తేదీతో సహా తెలుసు."

అంటే ఆ కమ్మీ కవరు చూశాక బిగించినది. "ఇక్కడే ఉండటానికేగా" అని అడిగినప్పుడు జవాబు ఆయనకు తెలుసు. నేను అబద్ధం చెప్తానా లేదా అని చూశారు. చూసి, మిరియం పడాలన్నారు.

మనిషిని కట్టేసుకోవడానికి చూస్తారా? ఇన్నాళ్ళ స్నేహం, తేదీ దాటేదాకా నన్ను కబుర్లలో పెట్టడానికా?

13 మార్చి

నోటీసు మీద సంతకం పెట్టాను. మిస్ ఓకెల్ ఈ సాయంత్రమే పోస్టు చేస్తానంది. వద్దు, నా చేత్తో ఇస్తానన్నాను.

"ఎందుకు?"

"పై అంతస్తులోనే ఉన్నదాన్ని. పోస్టులో పంపడం బాగుండదు."

పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. "సరే. ఇరవై మూడు, శుక్రవారం మూడు గంటల దాకా ఆగుతాను. ఇచ్చాక ఫోను చెయ్యండి. ఫోను రాకపోతే నా మనిషి వచ్చి ఆయన తలుపుకున్న ఉత్తరాల కంతలో వేస్తాడు. ఒక్కరోజు ఆలస్యమైనా ఎవరూ ఏమీ చెయ్యలేరు, మిస్ ట్రాంటర్. నేను కూడా."

14 మార్చి

రేపు ఇస్తాను.

16 మార్చి

పాఠం చెప్తుండగా నేను "ఎడమ" అనాల్సింది "కుడి" అన్నానట. ఎదురుగా లారీ. నేర్చుకుంటున్న పిల్ల తనే బ్రేకు వేసింది. ఏడ్చింది. ఫీజు తీసుకోలేదు.

18 మార్చి, ఆదివారం

మళ్ళీ మంచు. జలుబు చేసిందని మెట్ల మీద నుంచే కేకేసి భోజనానికి వెళ్ళలేదు. పంతొమ్మిదేళ్ళలో ఊళ్ళో ఉండి వెళ్ళని ఆదివారం ఇదే.

రెండు గంటలకు మెట్ల మీద అడుగులు. సగం దాకా వచ్చి ఆగిపోయాయి. ఆయాసం వినిపించింది. తర్వాత దిగిపోయారు. చూస్తే పదిహేడో మెట్టు మీద మూత పెట్టిన ప్లేటు. వడల్లా వేయించిన చేప కేకులు, బీన్సు.

అక్కడే మెట్టు మీద కూర్చుని తిన్నాను. పైకి తీసుకెళ్ళి తినాలనిపించలేదు.

21 మార్చి

కవరు నా కోటు లోపలి జేబులో ఉంది. కోటు ఎక్కడుంటే నా కళ్ళు అక్కడే.

ఇవ్వకుండా ఉండిపోతే? మోకాలు ఇంకో అయిదేళ్ళు మోస్తుంది. ఆ తర్వాత? ఆయన పోయాక ఈ ఇల్లు ఎవరికి అమ్ముతారో, వాళ్ళు నన్నేం అడుగుతారో? అప్పుడు ఎక్కలేక, అమ్మలేక, పైనే ఉండిపోవాలి. వంటింట్లో నిలబడి ఇదంతా పైకే అనేశాను. కింద రేడియో ఆగిపోయింది.

23 మార్చి, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండున్నరకు దిగాను. తలుపు తీసే ఉంది. ఆయన చర్చికి వెళ్ళే సూటులో, టైతో, బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. బల్ల మీద ప్లేట్లేమీ లేవు.

"కూర్చో."

"నిలబడే చెప్తాను. నేను డీల్‌లో ఇల్లు చూశాను. ఊరికే చూశానని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. కాదు. నాకు కావాలి. వెళ్ళిపోవాలనే ఉంది. మెట్లు ఎక్కలేకపోతున్నాను, నెస్టా అక్కడుంది. మీరడిగినప్పుడు అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"మీకు తెలుసని నాకూ తెలుసు. యోలాండ్ చెప్పింది. తేదీ తెలిసి, చూద్దాంలే చూద్దాంలే అంటూ నన్ను నెలల తరబడి తిప్పారు. అది న్యాయమేనా?"

ఆయన టై ముడి సర్దుకున్నారు.

"న్యాయం కాదు," అన్నారు. "డబ్బు కోసం మాత్రం కాదు. అది నమ్ము."

"మరి దేనికి?"

"మెర్ల్ పోయిన ఏడాది పై అంతస్తులో నీ అడుగులు వినబడితే కాఫీ పెట్టుకునేవాణ్ణి. లేకపోతే లేచేవాణ్ణే కాదు. నీకు చెప్పలేదు. అలాంటివి ఎవరైనా చెప్తారా?" టై వదిలేశారు. "మొదట్లో బద్ధకమే. తర్వాత ఆ కవరు వచ్చింది. అప్పటి నుంచి తేదీ దాటిపోతే బాగుండును అనుకున్నాను. చేతులారా ఏదీ చెయ్యలేదు. దాటిపోనిద్దామనుకున్నాను."

"నేను మొదటే నిజం చెప్పి అడిగుంటే సంతకం పెట్టేవారా?"

పెట్టేవాణ్ణని అంటారనుకున్నాను.

"తెలీదమ్మా," అన్నారు.

కవరు తీసి బల్ల మీదికి చాచాను. ఆయన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"నా చేతికివ్వకు. నేను తీసుకోలేను. తలుపులో వెయ్యి."

"మిస్టర్ అలీన్..."

"లాయరు మూడింటికన్నదిగా? వెళ్ళి తలుపులో వెయ్యి."

మూడింటి సంగతి నేను ఫోనులో నెస్టాకు చెప్పాను. ఈ ఇంట్లో ఏదీ దాగదు.

ఆయన లేచి వచ్చి, నేను బయటికి రాగానే లోపల నుంచి తన తలుపు మూశారు. వాకిట్లో నిలబడి కవరు చేతిలో పట్టుకుని ఎంతసేపు ఉన్నానో తెలియదు. తలుపుకున్న అద్దంలోంచి ఆయన సూటు నీడ కనిపిస్తోంది, ఆవలి పక్కనే, కదలకుండా. ఉత్తరాల కంత రెక్క ఎత్తి కవరు తోశాను. చాప మీద పడింది. ఆయన వంగలేదు. నేనూ కదలలేదు. మా మధ్య తలుపు ఉంది, అంతే.

కాసేపటికి లోపలి నుంచి, "పడింది. వెళ్ళి ఫోను చేసుకో," అన్నారు.

పన్నెండూ పదికి మిస్ ఓకెల్‌కు ఫోను చేశాను. "చాలా బాగా చేశారు," అంది.

24 మార్చి

కింద రేడియో లేదు. నేను చెప్పులు విప్పి నడుస్తున్నాను.

1 ఏప్రిల్, ఈస్టర్

యోలాండ్ వచ్చి ఆయన్ని చర్చికి తీసుకెళ్ళింది. కిటికీలోంచి చూశాను. ఆయన పైకి చూడలేదు. గుడ్డు ఉడకబెట్టుకుని తిన్నాను.

29 ఏప్రిల్

ఉత్తరాలు ఇప్పటికీ ఏరి మెట్ల మీద పెడుతున్నారు. కరెంటు బిల్లు, మోకాలి ఆసుపత్రి, డీల్ ఏజెంటు కవరు. ఈసారి దాన్ని అన్నిటికంటే పైన పెట్టారు, బొమ్మ కనిపించేలా.

22 మే

మిస్ ఓకెల్ ఫోను. ఆయన లాయరు దగ్గర నుంచి జవాబు వచ్చిందట. మేము రాసిన ధర రాసినట్టే ఒప్పుకున్నారు. ఒక్క పెన్నీ బేరమాడలేదు.

"నా సర్వీసులో ఇలా ఇది రెండోసారి," అంది. "మీరు సంతోషించాలి."

సంతోషంగానే ఉంది. ఉందనే అనుకుంటున్నాను.

కింద తలుపు కొట్టి కృతజ్ఞతలు చెప్దామని వెళ్ళాను. తలుపు తియ్యలేదు. లోపల కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

17 జూన్, ఆదివారం

నోటీసు ఇచ్చాక ఇది పదమూడో ఆదివారం. ఒక చీటీ రాసి ఆయన తలుపు కంతలో వేశాను: "నేను చేసిన పని మళ్ళీ చేస్తాను. ఆడిన అబద్ధం మాత్రం ఆడను. హిలరీ." జవాబు లేదు. అడగలేదు కూడా.

5 జూలై, గురువారం

పొద్దున యోలాండ్ ఫోను చేసింది. కొత్త లీజు మీద నాన్న ఇవాళ సంతకం పెట్టాలి, వాళ్ళ లాయరు ఆఫీసు బ్రామ్లీలో, ఈ ఎండలో రెండు బస్సులు మారలేడు, తనకు రావడం కుదరదు. "అడగడానికి నాకే ఎలాగో ఉంది, పిన్నీ."

"నాన్నే అడగమన్నారా?"

"లేదు. కానీ మీరు వస్తారని చెప్తే వద్దనలేదు."

కారు గుమ్మం ముందుకు తెచ్చి ఆపాను. కారు పైన పాఠాల బోర్డు ఉంది, తీసి డిక్కీలో పెట్టాను. ఆయన అదే సూటులో బయటికి వచ్చారు. బాగా చిక్కిపోయారు. ముందు తలుపు తెరిచి పట్టుకున్నాను. ఆయన దాన్ని దాటి, వెనక తలుపు తీసుకుని, వెనక సీట్లో కూర్చున్నారు. క్లినిక్కుకైనా, మెర్ల్ సమాధికైనా, ఇన్నేళ్ళూ నా పక్కనే కూర్చున్న మనిషి. టాక్సీ ఎక్కినట్టు ఎక్కారు.

అద్దంలో ఆయన కళ్ళు కిటికీ బయటే ఉన్నాయి. సిగ్నలు దగ్గర క్లచ్చి సరిగ్గా వదలలేదు. కారు ఆగిపోయింది. ఇరవై ఏడేళ్ళుగా ఇతరులకు నేర్పుతున్నదాన్ని. వెనక కారువాళ్ళు హారను కొట్టారు.

"మెల్లగా కానియ్," అన్నారు. మార్చి నుంచి నాతో మాట్లాడిన మొదటి మాట అది.

ఆఫీసులో ఇరవై నిమిషాలు పట్టింది. నేను కారులోనే కూర్చున్నాను. కిటికీలు దించినా గాలి లేదు. లోపల ఆయన, నేను వెళ్ళిపోవడానికి కావలసిన కాగితం మీద, కండక్టరుగా టికెట్ల మీద రాసిన చేత్తో, నిదానంగా తన పేరు రాస్తూ ఉంటారనుకున్నాను. మనసు మార్చుకుంటే? మార్చుకోవడానికి వీల్లేదని మిస్ ఓకెల్ చెప్పింది. అయినా, మార్చుకుంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అది కూడా ఇక్కడ రాస్తున్నాను. ఇక నాకు నేనే దాచుకునే పని మానుకోవాలి.

బయటికి వచ్చారు. మెట్లు దిగి, కారు దాకా వచ్చి, ఆగారు. బానెట్టు మీద చెయ్యి వేసి, వేడికి తీసేశారు. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి, ముందు తలుపు తీసుకుని, నా పక్కన కూర్చున్నారు. బెల్టు తగిలించుకోవడానికి ఎప్పటిలాగే అవస్థపడ్డారు. నేను వంగి తగిలించాను.

"అయిపోయింది," అన్నారు.

"అయిపోయింది."

బ్రామ్లీ దాటి, దిగుడు రోడ్డు మీదికి వచ్చాక అడిగారు.

"ఎప్పుడు వెళ్తున్నావు?"

"అన్నీ సరిగ్గా కుదిరితే సెప్టెంబరు చివర."

ఆయన వేళ్ళు ముడిచి లెక్కపెట్టడం నా పక్కచూపులో కనిపించింది. ఒకసారి లెక్కపెట్టి, సరిచూసుకోవడానికి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు.

"అయితే పన్నెండు ఆదివారాలు," అన్నారు. "దారిలో ఆ కూరల కొట్టు దగ్గర ఆపు. మిరపకాయలు నిండుకున్నాయి."